సిస్టమ్ అడ్మిన్ నుంచి సైబర్ సెక్యూరిటీకి మారితే జీతం రెట్టింపవుతుందా?

ప్రశ్న: నాలుగేళ్లుగా సిస్టమ్ అడ్మిన్‌గా చేస్తున్నాను. సర్వర్లు, యూజర్ అకౌంట్లు, ప్యాచ్‌లు, బ్యాకప్‌లు... రోజూ ఇదే పని. జీతం పెద్దగా పెరగడం లేదు. సైబర్ సెక్యూరిటీలోకి వెళ్తే రెట్టింపు వస్తుందని ఒక శిక్షణ సంస్థవాళ్లు చెప్తున్నారు. ఆర్నెల్ల కోర్సు, ఫీజు ఎక్కువే. ఉద్యోగం మానేసి చేరమంటారా మేడమ్?

జవాబు: మానెయ్యకండి. మారాలన్న ఆలోచన మంచిదే. కానీ ఉద్యోగంలో ఉంటూనే మారండి.

ముందు ఆ రెట్టింపు సంగతి చూద్దాం. అమెరికా కార్మిక గణాంకాల సంస్థ 2023 మే లెక్కల్లో సెక్యూరిటీ అనలిస్టు మధ్యస్థ వార్షిక వేతనం 1,20,360 డాలర్లు. నెట్‌వర్క్, సిస్టమ్ అడ్మిన్లది 95,360. సాఫ్ట్‌వేర్ డెవలపర్లది 1,32,270. అంటే సెక్యూరిటీవాళ్లకు అడ్మిన్ల కంటే పావు వంతు ఎక్కువ, డెవలపర్ల కంటే కాస్త తక్కువ. మీ దగ్గర అంకెలు వేరుగా ఉంటాయి. కానీ హెల్ప్‌డెస్క్‌లో కొత్తగా చేరినవారి జీతాన్ని, పదేళ్లు అనుభవమున్న సెక్యూరిటీ ఇంజనీరు జీతాన్ని పక్కపక్కన పెడితే రెట్టింపు ఎప్పుడైనా కనిపిస్తుంది. అది లెక్క కాదు, ప్రకటన.

నన్నడిగితే జీతం కంటే గట్టి కారణం ఇంకొకటి ఉంది. అదే సంస్థ 2023 నుంచి 2033 వరకు వేసిన అంచనాలో సెక్యూరిటీ అనలిస్టుల ఉద్యోగాలు 33 శాతం పెరుగుతాయి, అడ్మిన్ ఉద్యోగాలు 3 శాతం తగ్గుతాయి. సర్వర్లు క్లౌడ్‌కి పోతున్నాయి కదా. మీరు కదలాల్సింది అందుకు.

అయితే కొత్తవాళ్లను ఎక్కువగా తీసుకునేది సాక్‌లో, అంటే అలర్ట్‌లు చూసే మానిటరింగ్ సెంటర్‌లో, టయర్ 1 పనికి, అంటే మొదటి మెట్టు పనికి. అక్కడ మొదటి జీతం మీ ఇప్పటి జీతం కంటే తక్కువ ఉన్నా ఆశ్చర్యపోకండి. రాత్రి షిఫ్టులు తప్పవు. పని ఎలా ఉంటుందో చెప్తాను. రాత్రి రెండు దాటాక విండోస్ లాగ్‌లో 4625 నంబరు ఎంట్రీలు వరసగా పడుతుంటాయి. అంటే లాగిన్ ఫెయిలవుతోంది. ఎవరో పాస్‌వర్డ్ ఊహిస్తూ ఉండొచ్చు. పగలు ఎవరో పాస్‌వర్డ్ మారిస్తే, ఆ సంగతి తెలియని బ్యాకప్ జాబ్ పాతదాన్నే మళ్లీ మళ్లీ పంపుతూ ఉండొచ్చు. ఆ వరస చివర ఒక్క 4624, అంటే లాగిన్ సక్సెస్, పడిందంటే మాత్రం పైవాళ్లను నిద్ర లేపాల్సిందే. కోర్సు చేసి నేరుగా వచ్చినవాళ్లకు ఈ నంబర్లు తెలుసు. అది ఏదో ప్రోగ్రామ్ వాడే సర్వీస్ అకౌంటా, మనిషి అకౌంటా, ఆ వేళప్పుడు దానికి అక్కడ ఏం పని అన్నది చప్పున తట్టదు. మీకు తడుతుంది. టయర్ 1 నుంచి త్వరగా పైకి తీసుకెళ్లేది అదే.

మీరు విసుక్కుంటున్న ప్యాచింగ్, అంటే సాఫ్ట్‌వేర్ లోపాలను సరిచేసే అప్‌డేట్లు వెయ్యడం కూడా సెక్యూరిటీ పనే. 2017 మేలో వానాక్రై అనే రాన్సమ్‌వేర్, అంటే ఫైళ్లను బంధించి డబ్బు అడిగే వైరస్, ప్రపంచమంతా కంప్యూటర్లకు తాళం వేసేసింది. అది వాడుకున్న లోపానికి మైక్రోసాఫ్ట్ మార్చిలోనే ప్యాచ్ ఇచ్చింది. ఆ రెండు నెలల్లో ప్యాచ్ వేసిన అడ్మిన్ల మెషీన్లు ఆ దారిన పడలేదు. ఈ పనిని రెజ్యూమెలో 'సర్వర్ మెయింటెనెన్స్' అని ఒక్క ముక్కలో తేల్చెయ్యకండి, దయచేసి.

సర్టిఫికెట్ల విషయం. ఆర్నెల్లలో సీఐఎస్ఎస్‌పీ, అంటే అనుభవమున్న సెక్యూరిటీవాళ్లకిచ్చే సర్టిఫికెట్, చేతికిస్తామంటే నమ్మకండి. పరీక్ష పాసైనా, దాని 8 విభాగాల్లో కనీసం రెండింటిలో కలిపి అయిదేళ్ల అనుభవం చూపాలి, కంప్యూటర్ సంబంధిత డిగ్రీ ఉంటే ఒక ఏడాది తగ్గొచ్చు. యూజర్ అకౌంట్లు చూసే మీ యాక్సెస్ మేనేజ్‌మెంట్ పని అందులో లెక్కకు రావచ్చు కాబట్టి ఇప్పటినుంచే రాసిపెట్టుకోండి. ఈలోగా సెక్యూరిటీ ప్లస్ అనే మొదటి స్థాయి సర్టిఫికెట్ చాలు. దానికి అనుభవం తప్పనిసరి కాదు, సొంతంగా చదువుకుని రాయొచ్చు.

రేపు ఆఫీసులో మీ సెక్యూరిటీ టీమ్‌ని వల్నరబిలిటీ స్కాన్ రిపోర్ట్, అంటే సిస్టమ్‌లలో దొరికిన భద్రతా లోపాల జాబితా, అడగండి. మీ సర్వర్ల మీద వచ్చినవి మీరే సరిచేస్తానని ముందుకు రండి. అక్కడ ఖాళీ వస్తే మొదట మీ పేరే గుర్తొస్తుంది. బయటి నుంచి ఆఫర్ వస్తే, చెప్పిన జీతంలో షిఫ్ట్ అలవెన్స్ ఎంతో విడిగా అడగండి. టయర్ 1లో ఎన్నాళ్లు ఉంచుతారో కూడా అడిగాకే సంతకం పెట్టండి.