అమెరికా కాలేజీ ఫుట్‌బాల్ సీజన్ టికెట్ కొనవచ్చా? ఆట సమయం ముందే ఎందుకు చెప్పరు, గ్యాలరీలు ఎందుకు ఖాళీ అవుతాయి?

వచ్చే ఆగస్టులో ఎం.ఎస్. చదవడానికి అమెరికా వెళ్తున్నానని, అక్కడి సీనియర్లు ఫుట్‌బాల్ సీజన్ టికెట్ తప్పక కొనమంటున్నారని మీరు రాశారు. షెడ్యూలులో తేదీలే తప్ప సమయాలు లేవని, టీవీలో చూస్తే రెండో సగానికి విద్యార్థుల గ్యాలరీ సగం ఖాళీగా కనిపిస్తోందని, అలాంటప్పుడు డబ్బు పెట్టడం సబబేనా అని అడిగారు. సబబే అని నా అభిప్రాయం. అయితే ఆ సమయాలు ఎందుకు లేవో, ఆ గ్యాలరీ ఎందుకు ఖాళీ అవుతుందో తెలుసుకుని కొనడం మంచిది, ఎందుకంటే ఆ రెండింటికీ మూలం ఒక్కటే.

నేను మిడ్‌వెస్ట్‌లోని ఒక పెద్ద ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో చదువుకున్నాను. చదువుతున్నంత కాలం విద్యార్థుల గ్యాలరీలోను, ఉద్యోగంలో చేరిన తరువాత మామూలు టికెట్ మీద పూర్వ విద్యార్థుల మధ్యను కూర్చుని ఆటలు చూశాను. ఇంతకాలం చూశాక నాకు బలంగా కలిగిన అభిప్రాయం ఏమిటంటే, ప్రేక్షకుడు ఆటను ఎంత ఇష్టపడతాడన్నది ఎంత ముఖ్యమో, ఆ ఆట ఏ గంటకు మొదలవుతుందన్నదీ అంతే ముఖ్యం. ఆ గంటను నిర్ణయించడంలో స్టేడియానికి వచ్చేవారి సౌకర్యానికి దక్కే చోటు చాలా తక్కువ.

ఆట సమయాన్ని నిర్ణయించేది ప్రసార హక్కులు కొనుక్కున్న టీవీ సంస్థ. సీజన్ మొదటి మూడు వారాల ఆటలకు, మరికొన్ని ప్రత్యేకమైన ఆటలకు వేసవిలోనే సమయాలు ప్రకటిస్తారు. మిగిలినవాటికి సాధారణంగా పన్నెండు రోజుల ముందు చెబుతారు. ఏ జట్టు పోటీలో నిలుస్తుందో చూసి తేల్చుకోవాలని సంస్థ అనుకుంటే దాన్ని ఆరు రోజుల ముందు వరకు వాయిదా వేస్తారు, అంటే ఒక శనివారం ఆట ముగిసిన తరువాతగాని వచ్చే శనివారం ఉదయమా రాత్రా అన్నది తెలియదు. ఫాక్స్ టీవీ సంస్థ 2019 నుంచి తన ప్రధానమైన ఆటను తూర్పు ప్రాంత కాలమానం ప్రకారం మధ్యాహ్నం పన్నెండింటికి పెడుతోంది. సెంట్రల్ కాలమానంలో ఉన్న ఊరికి అది ఉదయం పదకొండు. పసిఫిక్ తీరంలోనేమో రాత్రి ఏడున్నరకు మొదలై పదకొండు దాటాక ముగిసే ఆటలు మామూలే.

ఇది మొదటి నుంచీ ఇలా లేదు. 1950ల ఆరంభం నుంచి జాతీయ కళాశాలల క్రీడా సంఘమైన ఎన్‌సీఏఏ టీవీలో చూపే ఆటల సంఖ్యకు గట్టి పరిమితి పెట్టింది. ఇంట్లో ఆట కనిపిస్తే స్టేడియానికి జనం రారన్న భయమే దానికి చెప్పిన కారణం. ఓక్లహోమా, జార్జియా విశ్వవిద్యాలయాలు ఆ నియంత్రణను సవాలు చేయగా, అది పోటీ చట్టానికి విరుద్ధమని సుప్రీం కోర్టు 1984లో 7–2 ఆధిక్యంతో తీర్పు చెప్పింది. ఆ తరువాత హక్కులను విశ్వవిద్యాలయాలు, కాన్ఫరెన్సులు అనే వాటి కూటములు సొంతంగా అమ్ముకోసాగాయి. టీవీ డబ్బుతో కోచింగ్, భవనాలు, ఇతర క్రీడలు అన్నీ పెరిగాయి కనుక ఆ తీర్పు నష్టమే చేసిందని నేను అనను. కాని ఆ డబ్బుతోపాటు శనివారం మీద పెత్తనం కూడా చేతులు మారింది.

ఉదయం పదకొండు గంటల ఆట అంటే ఏమిటో టీవీలో చూసేవారికి తెలియదు. ఆటకు ముందు పార్కింగ్ స్థలాల్లో వంటలు, కబుర్లు, పాత మిత్రుల కలయికలతో గడిచే టెయిల్‌గేటింగ్ అనే సంబరం ఈ సంస్కృతికి ప్రాణం. రాత్రి ఆట ఉంటే అది రోజంతా నింపాదిగా సాగుతుంది. పదకొండు గంటల ఆటకు దాన్ని తెల్లవారుజామునే మొదలుపెట్టి హడావుడిగా ముగించాలి. నాలుగైదు గంటలు కారు నడుపుకుని వచ్చే కుటుంబాలు చీకటిలోనే ఇల్లు వదలాలి, లేదా ముందు రోజే వచ్చి హోటల్‌లో దిగాలి. మా పక్క సీట్లలో ఎన్నో ఏళ్లుగా కూర్చునే ఒక వృద్ధ దంపతులు ఉదయం ఆటలకు రావడం మానుకున్నారు. జట్టు మీద వారి అభిమానం ఏమాత్రం తగ్గలేదు, రాత్రి పూట ఆటకు ఇద్దరూ ఉత్సాహంగా వచ్చేవారు. శనివారం పనిచేసే విద్యార్థులకైతే ఇంకా కష్టం, ఎందుకంటే ఆరు రోజుల ముందు తెలిసిన సమయాన్ని బట్టి షిఫ్టు మార్చమని అడిగితే ఒప్పుకునే యజమానులు అరుదు.

ఇక ఎండ. సెప్టెంబరులో నీడలేని అల్యూమినియం బల్లల మీద మధ్యాహ్నం పూట మూడు గంటలకు పైగా గడపాలి. ఆట గడియారం ప్రకారం అరవై నిమిషాలే అయినా, ఇరవై నిమిషాల హాఫ్‌టైమ్, మాటిమాటికీ వచ్చే ప్రకటనల విరామాలు కలిసి దాన్ని అంతగా సాగదీస్తాయి. ఎర్ర టోపీ పెట్టుకున్న టీవీ ఉద్యోగి ఒకరు మైదానం అంచు నుంచి లోపలికి వచ్చి నిలబడితే ప్రకటనలు నడుస్తున్నాయని అర్థం, ఆయన పక్కకు తప్పుకునేంతవరకు ఆట కదలదు. ఇంట్లో ఉన్నవారు ఆ సమయంలో లేచి మంచినీళ్లు తాగివస్తారు. గ్యాలరీలో ఉన్నవారు ఎండలో నిలబడి ఆ మనిషిని చూస్తూ ఉంటారు. 2023లో నియమం మార్చి, ప్రతి సగంలోని చివరి రెండు నిమిషాలు తప్ప మిగిలిన సమయంలో ఫస్ట్ డౌన్ (పది గజాలు ముందుకు సాగి మళ్లీ నాలుగు ప్రయత్నాలు పొందడం) వచ్చినప్పుడు గడియారం ఆపడం మానేశారు. దానివల్ల నిడివి కొద్దిగా తగ్గినా ప్రకటనల విరామాల జోలికి ఎవరూ పోలేదు.

మీరు టీవీలో చూసిన ఖాళీ గ్యాలరీకి కారణం చాలావరకు ఇదే. ప్రకటించే హాజరు సంఖ్య సాధారణంగా అమ్మిన, పంచిన టికెట్ల లెక్క, గేటు దాటిన మనుషుల లెక్క వేరు. వాల్ స్ట్రీట్ జర్నల్ 2018లో విశ్వవిద్యాలయాల గేటు లెక్కలు పరిశీలించి, 2017 సీజన్‌లో నిజంగా లోపలికి వచ్చినవారు ప్రకటించిన సంఖ్యలో సగటున 71 శాతమేనని తేల్చింది. 2018లో పై శ్రేణి జట్ల సగటు హాజరు 42 వేల లోపుకు దిగి, 1996 తరువాత అతి తక్కువగా నమోదైంది. అలబామా వంటి ఘనమైన జట్టుకు కూడా విద్యార్థులను చివరిదాకా కూర్చోబెట్టడం సమస్యే అయింది. 2019లో అక్కడ ఫోన్ యాప్ ద్వారా విద్యార్థులు స్టేడియంలో ఉన్నదీ లేనిదీ గుర్తిస్తూ, ఆటకు వస్తే 100 పాయింట్లు, నాలుగో క్వార్టర్ (ఆటలోని చివరి పావు భాగం) వరకు ఉంటే మరో 250 ఇచ్చే పద్ధతి పెట్టారు. ముఖ్యమైన ఆటల టికెట్లలో ఆ పాయింట్లు ఎక్కువ ఉన్నవారికి ప్రాధాన్యం ఇచ్చారు. ఆ ఏడాదే అప్పటి కోచ్ నిక్ సేబన్ సొంత మైదానంలో పగటి ఎండలో ఆటలు పెట్టడంపై బహిరంగంగానే అసంతృప్తి చెప్పారు. విద్యార్థిని పాయింట్లతో కట్టిపడేయడంకన్నా ఆయన ఎత్తిచూపిన కారణాన్ని సరిచేయడమే న్యాయమని నేను గట్టిగా నమ్ముతాను. నిండిన గ్యాలరీల హోరు లేకపోతే టీవీ ప్రసారానికి కూడా ఆ ఆకర్షణ ఉండదు. ఆ హోరు పుట్టించేవారికి ఆటవేళ నెల ముందైనా చెప్పడం పెద్ద కోరికేమీ కాదు. ఇది సాధ్యమేనని ఎస్.ఈ.సీ. (ప్రధానంగా ఆగ్నేయ ప్రాంత విశ్వవిద్యాలయాల కూటమి) 2024లో చూపించింది: కచ్చితమైన గంట కాకపోయినా, చాలా ఆటలు ఉదయమా, మధ్యాహ్నమా, రాత్రా అన్నది సీజన్‌కు ముందే ప్రకటించింది.

ఇన్ని ఇబ్బందులున్నా సబబేనని మొదటే ఎందుకు అన్నానో చెప్తాను. టీవీలో కనిపించేది బంతి చుట్టూ ఉన్న కాస్త మేర మాత్రమే. ప్రత్యర్థి మూడో డౌన్‌లో, అంటే మూడో ప్రయత్నంలో ఉన్నప్పుడు లక్షమంది ఒక్కసారిగా అరిస్తే కాళ్ల కింద కాంక్రీటు అదరడం, హాఫ్‌టైమ్‌లో బ్యాండు మైదానమంతా పరుచుకోవడం, పేరు తెలియని పక్కవాడు మీకు ఫౌల్ ఏమిటో ఓపికగా వివరించడం అక్కడ కూర్చుంటేనే దక్కుతాయి. మిషిగన్ స్టేడియంలో 107,601 మందికి చోటుంది. ప్రేక్షకులను అనుమతించని 2020ని పక్కనపెడితే, 1975 నవంబరు నుంచి అక్కడ ప్రతి ఆటకూ లక్షకు పైగా హాజరు నమోదవుతోంది. అయోవా విశ్వవిద్యాలయంలోని కినిక్ స్టేడియం పక్కనే పిల్లల ఆసుపత్రి ఉంది. 2017 నుంచి మొదటి క్వార్టర్ ముగియగానే ప్రేక్షకులంతా ఆసుపత్రి వైపు తిరిగి, పై అంతస్తు కిటికీల దగ్గర ఉన్న పిల్లలకు చేతులు ఊపుతారు. నేను అక్కడికి అతిథి జట్టు అభిమానిగా వెళ్లాను. మా గ్యాలరీ మొత్తం కూడా లేచి చేతులూపింది. ఆ నిమిషం కోసం మళ్లీ ఎంత దూరమైనా వెళ్తాను.

మీకు ఉపయోగపడే సంగతులు కొన్ని చెప్తాను. విద్యార్థుల సీజన్ టికెట్ మామూలు టికెట్ ధరతో పోలిస్తే చవక, కాని ఎక్కువచోట్ల వేసవిలోనే అమ్ముడైపోతుంది కనుక ప్రవేశం ఖాయమవగానే టికెట్ కార్యాలయం పేజీ చూడండి. రాలేని ఆట టికెట్‌ను మరొక విద్యార్థికి బదిలీ చేసే వీలుందా, ఎంత గడువులోగా చేయాలి అన్నది కొనేముందే తెలుసుకోండి, సమయం ఆలస్యంగా తేలే పరిస్థితిలో మీకు నిజమైన రక్షణ అదే. ఆట ఉన్న శనివారాల్లో ప్రయాణాలు, పరీక్షలకు చదువు, మరే పనీ పెట్టుకోకుండా రోజంతా ఖాళీగా ఉంచుకోగలిగితేనే సీజన్ టికెట్ కొనండి. అలా కుదరకపోతే, సమయం ప్రకటించాక రాత్రి ఆటలకు మాత్రం విడిగా కొనుక్కోవడం మేలు. టికెట్ ఫోన్‌లోనే ఉంటుంది, గేటు దగ్గర వేలమంది ఒకేసారి నెట్‌వర్క్ వాడటంతో అది తెరుచుకోకపోవచ్చు కనుక ఇంటి దగ్గరే ఫోన్‌లోని వాలెట్ యాప్‌లో దాచుకుని, ఆట మొదలవడానికి గంట ముందు గేటు దాటండి. చాలాచోట్ల మామూలు బ్యాగును లోపలికి రానివ్వరు, పన్నెండు అంగుళాల పొడవు, ఎత్తు, ఆరు అంగుళాల మందం మించని పారదర్శకమైన సంచి ఉండాలి. మెరుపులు దగ్గరలో పడితే ఆట ఆపేసి, చివరి మెరుపు తరువాత ముప్పై నిమిషాలు గడిస్తేనే మళ్లీ మొదలుపెడతారు. అలాంటప్పుడు బయటికి పోతే తిరిగి రానిస్తారో లేదో గేటు దగ్గరున్నవారిని అడిగాకే అడుగు బయట పెట్టండి.