విన్నవాడు నిద్రపోతే రేటింగ్ ఎవడిస్తాడు?

పర్లాకిమిడి

చిరంజీవి మేనల్లుడికి మావయ్య ఆశీస్సులు.

నీ సైట్‌లో హిప్నాసిస్ ఆడియోలు, అదే మాటలతో మగతలోకి దించేవి, వినేవాళ్ళు బోలెడుమంది ఉన్నా రేటింగ్ ఇచ్చేవాళ్ళు పెద్దగా లేరని రాశావు. ఎలా ఉంటార్రా? సగం ఆడియోలు నిద్ర పట్టించడానికే పెట్టావు. చివర్లో అభిప్రాయం అడిగే వేళకి వాడు గుర్రు పెడుతుంటాడు. మెలకువగా ఉండి నొక్కేవాడల్లా నిద్ర పట్టక విసుగెత్తినవాడే. నీకొస్తున్న ఒక్క స్టార్లు చాలావరకు వాడి చలవే అయ్యుంటాయి. నేను లైబ్రరీ చూసుకున్నన్నాళ్ళూ పుస్తకం ఎలా ఉందని తిరిగిచ్చేటప్పుడే అడిగేవాణ్ణి. నువ్వూ మర్నాడు వాళ్ళు మళ్ళీ తెరిచినప్పుడు అడుగు.

'ఎలా ఉంది?' అని మాత్రం అడక్కు. హిప్నాసిస్ అందరికీ ఒకేలా పట్టదు. ఎవరికి ఎంత పడుతుందో చూడ్డానికి స్టాన్‌ఫర్డ్‌లో వైట్‌జెన్‌హాఫర్, హిల్‌గార్డ్ అనే ఇద్దరు 1959లో 12 అంశాల కొలమానమే తయారుచేశారు. కొందరికి ఇట్టే పడుతుంది, కొందరికి ఏం చేసినా పట్టదు, ఎక్కువమంది ఆ మధ్యలో ఉంటారు. పట్టనివాడు కోపంతో ఇచ్చిన ఒక్క స్టార్‌కి ఆడియో చేసినవాడేం చేస్తాడు? కాబట్టి ఎవరైనా తేల్చి చెప్పగలిగినవి అడుగు. గొంతు బాగుందా, వెనక సంగీతం మాటల్ని మింగేసిందా, పైన రాసిందే లోపల ఉందా, చివర్లో అంకెలు లెక్కపెట్టి లేపాడా, అలాగే వదిలేశాడా. ఈ ఆఖరిది తప్పకుండా అడుగు. మధ్యాహ్నం భోజనం గంటలో కాస్త విశ్రాంతికని పెట్టుకున్నవాణ్ణి లేపకపోతే వాడి ఉద్యోగం ఏం కాను!

మన వైపు ఇంకో చిక్కుంది. ఇక్కడా, గుణుపురంలోనూ, రాయగడలోనూ ఇంట్లో తెలుగు మాట్లాడుతూ బడిలో ఒడియా చదువుకున్నవాళ్ళు చాలామంది. తెలుగు వింటే అర్థమవుతుంది, చదవడం రాదు. అలాంటివాళ్ళ ముందు తెలుగు ఫారం పెడితే దాటుకుని పోతారు. నోటితో చెప్పనీ, అర నిమిషం వాయిస్ చాలు. పనిలో పనిగా ప్రతి ఆడియో పక్కనా అది ఏ ప్రాంతపు తెలుగో రాయి. 'మీ కనురెప్పలు బరువెక్కుచున్నవి' అంటే మన ముసలమ్మలకి నవ్వొస్తుంది గానీ నిద్ర రాదు.

పాయింట్లూ బహుమతులూ ఎర వెయ్యకు, వినకుండానే నొక్కేస్తారు. ఎవరో చెప్పినందుకు ఏదైనా ఆడియోలో సంగీతం తగ్గిస్తే, ఆ సంగతి వాళ్ళకి తెలియజెయ్యి. అంతకంటే ఎర అక్కర్లేదు.

వరుస పేర్చేటప్పుడు ఉత్త సగటు పనికిరాదు. ఇద్దరే ఇచ్చిన 5 స్టార్ల ఆడియో, 40 మంది 4.4 ఇచ్చినదాని నెత్తిన కూర్చుంటుంది. ప్రతి ఆడియోకీ మరో అయిదుగురు 3.5 చొప్పున ఇచ్చినట్టు లెక్కలో కలుపు. మొదటిది 3.9కి దిగుతుంది, రెండోది 4.3 దగ్గర నిలబడుతుంది. ఆ అంకె మాత్రం వినకముందు చూపించకు. 1784లో పారిస్‌లో, హిప్నాసిస్‌కి తాతలాంటి మెస్మర్ అనే వైద్యుడి పద్ధతిని పరీక్షించడానికి రాజు వేసిన సంఘంలో బెంజమిన్ ఫ్రాంక్లిన్ కూడా ఉన్నాడు. వాళ్ళు మనుషుల కళ్ళకి గంతలు కట్టి చూశారు. ప్రయోగం జరుగుతోందని నమ్మినవాళ్ళు ఏమీ చెయ్యకపోయినా ఊగిపోయారు, తెలియకుండా చేస్తే కదల్లేదు. అయిదు స్టార్లు చూసి కళ్ళు మూసుకున్నవాడి మీద ఆ స్టార్లే సగం పని చేస్తాయి. అప్పుడు వాడిచ్చే రేటింగ్ ఆడియోదో, పాత రేటింగ్‌దో ఎవడు చెప్పగలడు?

ఇక మంచివి ఏరిపెట్టడానికి ముగ్గురో నలుగురో నమ్మకస్తుల్ని పెట్టు. వాళ్ళు రాత్రి మంచమెక్కి కాదు, పగలు కుర్చీలో కూర్చుని, చేతిలో పెన్నుతో చివరిదాకా వినాలి. పైన చెప్పని సూచన ఏదైనా లోపల దూర్చారేమో పట్టుకోవడమే వాళ్ళ అసలు పని. తను చేసినదాన్ని తనే ఎంపిక చేసుకోకూడదు. ఎంచిన ప్రతిదాని పక్కనా ఎందుకు నచ్చిందో ఒక్క వాక్యం, కింద వాళ్ళ పేరు ఉండాలి. బండి నడుపుతూ వినొద్దన్న హెచ్చరిక లేనిదాన్ని ఆ జాబితాలోకి రానివ్వకు. షుగరు తగ్గిస్తాం, మందులు మానేయండి అనేవాటినైతే సైట్‌లోనే ఉంచకు.

ఇంకొకటి. 'లేవగానే ఈ ఆడియోకి అయిదు స్టార్లు ఇస్తారు' అని మగతలో ఉన్నవాడి చెవిలో ఊదే తెలివిగలవాడు ఎవడో ఒకడు తగులుతాడు. వాడి ఆడియోతోపాటు దానికొచ్చిన రేటింగ్‌లు కూడా తీసిపారెయ్.

మీ అమ్మని అడిగానని చెప్పు.

మావయ్య