నీ ఉప్పునీటి ట్యాంకుకి కార్బన్ ఎంత వేయాలంటే

చి.ల.సౌ. కోడలు పిల్లకి మావయ్య ఆశీస్సులు. సముద్రపు చేపలు, కోరల్స్ (పగడాలు) పెంచే నీ ట్యాంకులో పసుపెక్కిన నీళ్లు తేటపడాలంటే యాక్టివేటెడ్ కార్బన్ (నీళ్లు శుభ్రం చేసే ప్రత్యేకమైన బొగ్గు గింజలు) ఎంత వేయాలని అడిగావు.

షాపతను చెప్పాడని ఆ కిలో డబ్బా మొత్తం ఒకేసారి సంప్‌లో (ట్యాంకు కింద ఉండే ఫిల్టర్ తొట్టిలో) కుమ్మరించేయకు. ఇప్పటికే మూత తీసి ఉంటే మళ్లీ గట్టిగా బిగించి పక్కన పెట్టు. ఈ ఉత్తరం పూర్తిగా చదివాక వేద్దువుగాని. రెండు వందల లీటర్ల ట్యాంకులో కిలో కార్బన్ వేస్తే రెండు రోజుల్లో నీళ్లు తళతళలాడతాయి, అందులో అబద్ధం లేదు. కానీ నీ కోరల్స్ తట్టుకోవాలి కదా! నెలల తరబడి అవి ఆ పసుపు నీళ్లలోనే బతికాయి. ఆ పసుపు రంగు లైటులోని నీలాన్ని, అతినీలలోహిత కిరణాలని చాలావరకు మింగేస్తుంది. దాన్ని ఒక్క దెబ్బతో తీసేశావంటే, లైటు ముట్టుకోకపోయినా బాగా పెంచినట్టే లెక్క. రంగు వెలిసిపోయి తెల్లబడతాయి. అప్పుడు మీ ఆయన కార్బన్‌లో ఏదో విషం ఉందని తీర్మానిస్తాడు.

మొదట రెండు పెద్ద చెంచాలు చాలు. వారం చూడు. లెదర్ కోరల్ (తోలులా ఉండే మెత్తటి పగడం) మామూలుగా విచ్చుకుంటుంటే ఆ కార్బన్ తీసేసి నాలుగు చెంచాలు కొత్తది వేయి. ఇంకో వారం తర్వాత వంద మిల్లీలీటర్ల కప్పు దాకా వెళ్లొచ్చు. నీ ట్యాంకుకి అక్కడితో ఆగిపో. రెండు వారాలకోసారి ఆ కప్పు కార్బన్ మార్చుకుంటూ పో. ఎక్కువ వేసి మూడు నెలలు మర్చిపోయేకంటే, తక్కువ వేసి తరచూ మార్చడం అన్ని విధాలా నయం. వంద మిల్లీలీటర్లు అంటే యాభై గ్రాముల లోపే తూగుతుంది. నీ కిలో డబ్బా తొమ్మిది, పది నెలలు వస్తుంది. డబ్బులూ కలిసొస్తాయి.

ఇంతకీ ఇది చేసే పనేమిటో తెలుసుకుంటే ఎవరు ఏం చెప్పినా కంగారు పడవు. కొబ్బరి చిప్పనో రాతి బొగ్గునో గాలి తగలకుండా కాల్చి, తర్వాత ఎనిమిది వందల డిగ్రీలు దాటిన వేడిలో ఆవిరి పట్టిస్తారు. దాంతో లోపలంతా కంటికి కనపడని రంధ్రాలు పడతాయి. మంచి రకం అయితే ఒక్క గ్రాములో వెయ్యి చదరపు మీటర్ల దాకా ఉపరితలం ఉంటుంది. మన గుంటూరు వాళ్లకి సెంట్లలో చెబితేగానీ ఎక్కదు కాబట్టి చెబుతున్నా, చిటికెడు కార్బన్‌లో పాతిక సెంట్ల స్థలం అన్నమాట. నీళ్లలో కరిగి ఉన్న సేంద్రియ పదార్థాలు వచ్చి ఆ గోడలకి అంటుకుంటాయి. నీళ్లకి పసుపు తెచ్చేవి, వాసన తెచ్చేవి, మందుల అవశేషాలు, ఒక కోరల్ ఇంకో కోరల్ మీద వదిలే విషాలు, ఇవన్నీ అందులోకే వస్తాయి. నీ లెదర్ కోరల్ అప్పుడప్పుడూ ముడుచుకుని పైన మైనం లాంటి పొర వదులుతుంది చూడు, ఆ రకాలు నీళ్లలోకి టెర్పీన్లు అనే ఘాటు రసాయనాలు వదులుతాయి. పక్కనున్న వేరే రకాలకి అవి పడవు. లెదర్ కోరల్ ఉన్న ట్యాంకులో కార్బన్ ఎప్పుడూ ఉండాల్సిందే అంటాను నేను.

ఇక చేయనివి చెబుతా విను, అసలు మోసాలన్నీ ఇక్కడే. చేపల వ్యర్థాల్లోంచి పుట్టే అమ్మోనియాని కార్బన్ తీయదు. నైట్రైట్, నైట్రేట్, ఫాస్ఫేట్ తీయదు. కాబట్టి టెస్ట్ కిట్‌లో నైట్రేట్ ఎక్కువ చూపిస్తే కార్బన్ వైపు చూడకు, మేత తగ్గించి నీళ్లు మార్చు. షాపుల్లో తెల్ల రాళ్లు, నల్ల రాళ్లు కలిపిన మిక్స్ ఒకటి అమ్ముతారు. ఆ తెల్లవి జియోలైట్. మంచినీటి తొట్టిలో అమ్మోనియాని పట్టుకుంటాయి. ఉప్పునీళ్లలో సోడియం కుప్పలు కుప్పలుగా ఉంటుంది కాబట్టి అమ్మోనియాకి చోటు దొరకదు. మనకి దండగ.

ఏ కార్బన్ కొనాలన్నావు. వాటర్ ప్లాంట్లకి సరుకు వేసే షాపులో అడిగితే అయోడిన్ నంబర్ వెయ్యి అని గొప్పగా చెబుతాడు. గ్రాము కార్బన్ ఎన్ని మిల్లీగ్రాముల అయోడిన్‌ని పట్టుకుందో ఆ లెక్క. అది చిన్న రంధ్రాల సంగతి. కొబ్బరి చిప్ప కార్బన్‌లో అవే ఎక్కువ, అందుకే కుళాయి నీళ్లలో క్లోరిన్ తీయడానికి దానికి తిరుగులేదు. మన ట్యాంకులో పసుపు తెచ్చేవి పెద్ద అణువులు, వాటికి కాస్త పెద్ద రంధ్రాలు కావాలి. అవి బిట్యుమినస్ అనే రాతి బొగ్గుతో చేసినదాంట్లో ఎక్కువ. దానికి మొలాసిస్ నంబర్ అని వేరే కొలత ఉంది. షాపులో ఆ మాట అంటే నీ మొహం వంక చూస్తారు, అడక్కు. అక్వేరియం కోసమే చేసిన, గట్టిగా, పొడి రాలకుండా ఉన్న బొగ్గు రకం కొనుక్కో. వేళ్ల మధ్య నలిపితే నల్లగా అంటుకుని పిండి అయిపోయేది వద్దు. కొబ్బరి చిప్పది ఇప్పటికే కొనేసి ఉంటే పారేయక్కర్లేదు, పని చేస్తుంది, కాకపోతే త్వరగా మార్చాలి. ఇస్త్రీ బండి బొగ్గు ఒకటే కదా అని మీ అత్తగారు అన్నారట. ఆవిడకి నా నమస్కారాలు చెప్పి, రెండూ ఒకటి కావని కూడా చెప్పు. దానికి ఆవిరి పట్టించడం జరగలేదు, లోపల అన్ని రంధ్రాలు ఉండవు.

కొన్ని రకాలని ఆవిరితో కాకుండా ఫాస్ఫారిక్ యాసిడ్‌తో తయారుచేస్తారు. అవి నీళ్లలోకి ఫాస్ఫేట్ వదులుతాయి. నాచు పట్టి చస్తాం. డబ్బా మీద రాయకపోతే ఇంట్లోనే తెలుసుకోవచ్చు. గ్లాసుడు ఆర్‌ఓ నీళ్లలో చెంచాడు కార్బన్ వేసి రాత్రంతా ఉంచు. పొద్దున్నే పైన తేరిన నీళ్లతో ఫాస్ఫేట్ టెస్ట్ చెయ్యి. రంగు తిరిగితే ఆ డబ్బా షాపతనికే వెనక్కి ఇచ్చెయ్.

ఇప్పుడు కడగడం. దీన్ని మాత్రం తేలిగ్గా తీసుకోకు. స్టీలు గిన్నెలో కార్బన్ పోసి దాని మీద ఆర్‌ఓ నీళ్లు పొయ్యి. చెవి దగ్గర పెడితే సన్నగా బుసబుసమని వినిపిస్తుంది. రంధ్రాల్లో ఉన్న గాలి బయటికి వస్తున్న చప్పుడు అది. సన్న బుడగలు పైకి వస్తూనే ఉంటాయి, కొన్ని గింజలు తేలతాయి కూడా. చేత్తో పిసక్కు, పిసికితే గింజలు ఒకదానికొకటి రాసుకుని ఇంకా పొడి పుడుతుంది. మెల్లగా కలియతిప్పి నల్లనీళ్లు వంపెయ్యి. మళ్లీ పొయ్యి, మళ్లీ వంపు. అడుగున గింజలు స్పష్టంగా కనపడేదాకా అదే పని. తర్వాత మంచి నీళ్లు పోసి ఒక రాత్రి నానబెట్టి, పొద్దున్నే ఇంకొక్కసారి కడిగి వాడుకో.

ఇంత పట్టుబట్టడానికి కారణం నీ పౌడర్ బ్లూ టాంగ్ చేప. ఆ జాతి చేపలకి తల మీద, పక్కల గీత పొడవునా చర్మం తినేసినట్టు గుంటలు పడే జబ్బు ఒకటి ఉంది. 2011లో అమెరికాలో ఓషన్ సర్జన్ అనే టాంగ్ రకం మీద చేసిన ప్రయోగం ఫలితాలు అచ్చయ్యాయి. లిగ్నైట్ (మెత్తటి గోధుమ రంగు బొగ్గు) కార్బన్ వాడిన చోట చేపలకి ఆ జబ్బు తీవ్రంగా వచ్చింది. గట్టి పెల్లెట్ రకం వాడిన చోట స్వల్పంగా కనిపించింది. కార్బన్ లేనిచోట రాలేదు. లిగ్నైట్ రకం మెత్తన, పొడి ఎక్కువ రాలుతుంది. అందుకని కార్బన్ మానేయాలనేం కాదు. క్లౌన్ చేపలు అవీ హాయిగా ఉంటాయి. టాంగ్ ఉన్న ఇంట్లో మాత్రం గట్టి రకమే వాడాలి, పొడి అనేది ట్యాంకులోకి పోకూడదు. మొహం మీద చిన్న గుంటలు కనిపిస్తే ముందు కార్బన్ తీసేసి, ఆ తర్వాత నాకు ఫోన్ చెయ్యి.

ఎక్కడ పెట్టాలంటే, సంప్‌లో ఫిల్టర్ సాక్ (చెత్త వడకట్టే గుడ్డ సంచి) తర్వాత, నీళ్లు తప్పనిసరిగా దాటే సందులో, సన్న మెష్ బ్యాగులో. సాక్‌కి ముందు పెడితే చెత్త పేరుకుని రంధ్రాలు మూసుకుపోతాయి. ప్రవాహం లేని మూల పడేస్తే పక్కనుంచే నీళ్లు వెళ్లిపోతాయి. రియాక్టర్ (కార్బన్ గుండా పంపుతో నీళ్లు తోసే మూసిన డబ్బా) పెడితే సామర్థ్యం ఎక్కువ, ఒప్పుకుంటా. కానీ నీకొద్దంటాను. నీళ్ల వేగం కాస్త ఎక్కువైతే లోపల గింజలు గిరగిరా తిరిగి పిండి అవుతాయి. పైగా ఎండాకాలం పటమటలో కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు. మూసిన డబ్బాలో వేడి నీళ్లు గంటల తరబడి నిలవుంటే ఆక్సిజన్ అయిపోయి కంపు కొడతాయి. కరెంటు రాగానే ఆ నీళ్లు నేరుగా చేపల మీదికే. క్యానిస్టర్ ఫిల్టర్ (మూసిన డబ్బా ఫిల్టర్) ఉన్నవాళ్లకీ ఇదే తలనొప్పి. బ్యాగు అయితే ఏ గొడవా లేదు. రోజూ ఒకసారి చేత్తో కదిపితే చాలు.

మార్చే రోజు క్యాలెండర్‌లో రాసుకున్నా, కంటితో చూడటం కూడా అలవాటు చేసుకో. తెల్ల ఐస్‌క్రీమ్ డబ్బా మూత తీసుకుని, సగం మీద లేత పసుపు ప్లాస్టిక్ ముక్క కట్టి, ట్యాంకు ఒక చివర నీళ్లలో నిలబెట్టు. రెండో చివర నుంచి, పొడవు వెంట చూడు. తెలుపు, పసుపు రెండూ విడివిడిగా కనపడితే కార్బన్ పని చేస్తోంది. తేడా తెలియకపోతే రెండు వారాలు కాకపోయినా మార్చెయ్. రోజూ చూసే కంటికి నీళ్ల రంగు మారడం తెలియదు, అందుకే ఈ మూత. వాడేసిన కార్బన్ పట్టుకున్నదంతా మళ్లీ ట్యాంకులోకి కక్కేస్తుందని భయపెట్టేవాళ్లు ఉంటారు, అది చాలావరకు అతి. దానిలో ఇక ఖాళీ ఉండదు, అంతే. దాన్ని కడిగి మేడ మీద ఎండబెడితే కొత్తది అయిపోతుందనేదీ అంతే. బెజవాడ మే నెల ఎండ నలభై అయిదు డిగ్రీలు, దానికి కావాల్సింది వందల డిగ్రీలు. మొక్కల కుండీలో వేద్దామన్నా ఉప్పు ఉంటుంది, చెత్తబుట్టలో పారెయ్.

చేపలకి మందు వేసే ముందు కార్బన్ తీసెయ్. లేకపోతే మందు చేపకి చేరేలోపే కార్బన్ చాలావరకు లాగేసుకుంటుంది. క్వారంటైన్ తొట్టికి వాడే, అంచుకి తగిలించే హ్యాంగ్ ఆన్ ఫిల్టర్ కార్ట్రిడ్జ్ లోపల కూడా కార్బన్ కుట్టేసి ఉంటుంది, కనపడదు. అది కోసి చూడు. మందు కోర్సు అయ్యాక కొత్త కార్బన్ వేస్తే మిగిలినది లాగేస్తుంది, అప్పుడు దానికి సాటి ఏదీ లేదు.

కడిగిన కార్బన్ బ్యాగు ఒకటి విడిగా సిద్ధంగా ఉంచుకో. మూడు కాలవల ఊరు మీది, దోమలకేం కొదవ! ఆలౌట్, హిట్ లాంటి దోమల మందుల్లో ఉండే పైరెథ్రాయిడ్లు చేపలకి, మరీ ముఖ్యంగా నీ క్లీనర్ రొయ్యకి చాలా ప్రమాదం. స్కిమ్మర్ (నురగతో మురికి తీసే పరికరం), ఎయిర్ పంపు ఆ గది గాలినే పీల్చి నీళ్లలో కలుపుతాయి. ఎవరైనా పొరపాటున స్ప్రే కొడితే, మున్సిపాలిటీ పొగబండి వీధిలోకి వస్తే, గదికి రంగులు వేస్తే, కిటికీలు చూసుకుని, స్కిమ్మర్, ఎయిర్ పంపు ఆపి, ఆ బ్యాగు దింపి, వీలైతే పావువంతు నీళ్లు మార్చు. అవి ఆపినప్పుడు నీటి ఉపరితలం కదిలేలా పవర్‌హెడ్ (నీళ్లు తిప్పే చిన్న పంపు) మాత్రం నడవాలి. ఎండుమిర్చి తిరగమోత ఘాటుకి చేపలు పోయిన దాఖలా నాకైతే లేదు, మీ అత్తగారిని వంట మానమనకు. డబ్బా మాత్రం వంటింట్లో, ఫినాయిల్ సీసా పక్కన పెట్టకు. మూత సరిగ్గా లేకపోతే ఆ వాసనలన్నీ అక్కడే పీల్చుకుని కూర్చుంటుంది.

నీళ్ల విషయం రెండు ముక్కలు. వంటింటి ఆర్‌ఓలో టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాలు) పెంచడానికి మామూలు నీళ్లు కొన్ని కలిపే ఏర్పాటు ఉంటుంది. ఉప్పు కలపడానికి ఆ నీళ్లు పనికిరావు, డీఐ రెసిన్ (మిగిలిన లవణాలని కూడా తీసే గింజలు) ఉన్న విడి ఆర్‌ఓ యూనిట్ పెట్టించుకో. దాని ముందు కార్బన్ కార్ట్రిడ్జ్ వేళకి మార్చు. క్లోరిన్ తగిలితే ఆర్‌ఓ మెంబ్రేన్ (వడపోత పొర) పాడవుతుంది. సూర్యలంక వెళ్లినప్పుడు క్యాన్లలో సముద్రపు నీళ్లు తెచ్చి కార్బన్‌తో శుభ్రం చేద్దామన్న మీ ఆయన ఆలోచన ఆదాలాగే కనపడుతుంది. ఒడ్డు నీళ్లలో వచ్చే క్రిములని, నైట్రేట్‌ని కార్బన్ ఏం చేస్తుంది? సాల్ట్ మిక్స్ (అక్వేరియం కోసం చేసిన సముద్రపు ఉప్పు) కొనుక్కోండి. ఉప్పుశాతం చూసే రిఫ్రాక్టోమీటర్ కోసం అక్వేరియం షాపులే తిరగక్కర్లేదు, రొయ్యల రైతులకి సామాను అమ్మే షాపుల్లోనూ దొరుకుతుంది. 35 (వెయ్యికి 35 భాగాల ఉప్పు) దగ్గర ఉంచుకో.

గట్టి కోరల్ ముక్కలు చవగ్గా ఇస్తానని ఎవరైనా అంటే తీసుకోకు. మన సముద్రాల్లోని రాతి పగడాలన్నీ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయి. పెద్ద పులి ఉన్నదీ అదే షెడ్యూల్‌లో.

ఫాస్ఫేట్ కిట్ నీ దగ్గర లేదన్నావు. నాది పంపుతున్నా, ఎక్స్‌పైరీ ఇంకా ఉంది. ముందు ఆ గ్లాసు టెస్ట్ చేసి, రంగు ఫోటో తీసి పంపు. ఆ తర్వాతే రెండు చెంచాలు వేయి.

ఇట్లు,
మీ మావయ్య,
బ్రాడీపేట, గుంటూరు