పని చోట పేచీలు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్ర: విజయవాడలో ఒక ప్రైవేటు ఆసుపత్రి జనరల్ వార్డులో స్టాఫ్ నర్సుని. నాది మార్నింగ్ డ్యూటీ. నైట్ డ్యూటీ దిగే సీనియర్ సిస్టర్ రోజూ ఏదో ఒక పని మిగిల్చి పోతారు. సీనియర్నన్న ధీమా ఆవిడకి. ఒకరోజు విసుగొచ్చి వార్డు వాట్సాప్ గ్రూపులో పెట్టేశాను. అప్పట్నుంచి నాతో మాట్లాడరు. హ్యాండోవర్ (డ్యూటీ అప్పగింత) పుస్తకం బల్ల మీద పెట్టి వెళ్లిపోతారు. ఇన్‌ఛార్జి సిస్టర్‌తో చెబితే 'మీరిద్దరూ సర్దుకోండి' అన్నారు. ఏం చేయను?

జ: ముందు హ్యాండోవర్ సంగతి చూడండి, మనస్పర్థల సంగతి తర్వాత. ఇన్సులిన్ ఇచ్చి రాయడం మరిచిపోతే, మాటల్లేని చోట అది రెండోసారి కూడా పడుతుంది. కాబట్టి పలకరింపులు లేకపోయినా ఇద్దరూ బెడ్ బెడ్‌కీ కలిసి తిరిగి అప్పగింత చేసుకోవాల్సిందే. ఈ ఒక్కటి మాత్రం ఇన్‌ఛార్జి సిస్టర్ చేత ఆర్డరు వేయించండి. ప్రతి రోగికీ నాలుగు మాటలు చాలు: ఇప్పుడెలా ఉన్నారు, ఎందుకు చేరారు, నాకేమనిపిస్తోంది, ఇంకా చేయాల్సిందేమిటి. అమెరికా నౌకాదళ జలాంతర్గాముల నుంచి ఆసుపత్రులకు వచ్చిన ఎస్‌బార్ పద్ధతి ఇదే. చివర్లో మిగిలిన పనులు రాసి ఇద్దరూ సంతకం పెట్టండి. పదిహేను నిమిషాలు పడుతుంది. ఆ పావుగంట రోస్టర్‌లో లేకపోతే, ఎనిమిదింటి బస్సు కోసం పరుగెత్తే మనిషిని తప్పుపట్టి లాభం లేదు. షిఫ్టులు పావుగంట కలిసేలా డ్యూటీలు వేయమని అడగండి.

ఇక గొడవ. పది రోజులు ఒక చిన్న పుస్తకంలో రాసుకోండి. తేదీ, బెడ్ నంబరు, మిగిలిన పని, ఆ రాత్రి వార్డులో ఎంతమంది రోగులు, తెల్లవారుజామున ఎన్ని అడ్మిషన్లు. రోగి పేరు రాయొద్దు. 'ఏడో బెడ్ క్యాన్యులా (సెలైన్ ఎక్కించే చిన్న గొట్టం) మీద తేదీ లేదు' అనేది మీరు చూసింది. 'సీనియర్నన్న ధీమా' అనేది మీ ఊహ, దాన్ని ఈ పుస్తకంలోకి రానివ్వకండి. ఎదుటివాళ్ల తప్పుకి వాళ్ల గుణాన్నీ, మన తప్పుకి పరిస్థితినీ కారణంగా చూపడం మనందరికీ అలవాటే. పుస్తకం తిరగేస్తే ఒక వరస కనబడొచ్చు. ఐదున్నరకి అడ్మిషన్ వచ్చిన రోజుల్లోనే ఇన్‌టేక్-అవుట్‌పుట్ చార్టు (రోగి ఒంట్లోకి వెళ్లిన, బయటికొచ్చిన ద్రవాల లెక్క) మిగిలిపోతుంటే అది మనుషులు చాలని సమస్య. ఏ ఒత్తిడీ లేని రాత్రి కూడా అవే పనులు మిగులుతుంటే అప్పుడది ఆవిడతో మాట్లాడాల్సిన సంగతి.

ఆ మాట ఎప్పుడు ఎత్తుతారన్నదే ముఖ్యం. పన్నెండు గంటల నైట్ చేసి దిగుతున్న మనిషితో వద్దు, రోగుల బంధువుల ముందు అసలే వద్దు. ఆవిడ ఆఫ్ తీసుకుని వచ్చిన సాయంత్రం, డ్యూటీ ఎక్కకముందు పది నిమిషాలు అడగండి. మొదట గ్రూపులో పెట్టినందుకు, దానికి మాత్రమే, క్షమాపణ చెప్పండి: 'సిస్టర్, అది గ్రూపులో పెట్టకుండా ఉండాల్సింది. మీకే నేరుగా చెప్పాల్సింది. సారీ.' దాని వెనకాల 'కానీ' తగిలించారా, ఆ సారీ పోయినట్టే. తర్వాత పుస్తకంలోంచి రెండే రెండు విషయాలు చెప్పి, 'తెల్లవారుజామున మీకు ఏ పని దగ్గర టైం చాలడం లేదు సిస్టర్?' అని అడిగి ఊరుకోండి. ఆవిడ మౌనంగా ఉన్నా మీరే ఆ ఖాళీ నింపకండి. 'మీరెప్పుడూ ఇంతే', 'అందరూ అదే అంటున్నారు' అన్న రెండు మాటలూ చేటు చేస్తాయి. మొదటి దానికి ఆవిడ వెంటనే ఒక మినహాయింపు చూపిస్తారు. రెండో దానికి ఆ అందరూ ఎవరో వెతకడం మొదలుపెడతారు.

మూడు వారాల్లో మార్పు రాకపోతే పుస్తకంతో ఇన్‌ఛార్జి దగ్గరికి వెళ్లండి. 'ఆవిడ మీద ఫిర్యాదు' అనకుండా 'నైట్‌లో ఈ పని ఎవరు, ఎన్ని గంటలకు చేయాలో రాసివ్వండి' అని అడగండి. ఒక హెచ్చరిక: యాంటీబయాటిక్ డోసు తప్పడం లాంటిది జరిగితే ఈ మూడు వారాల లెక్క వర్తించదు. వెంటనే డాక్టరుకి చెప్పి, అదే రోజు ఇన్సిడెంట్ రిపోర్టు రాయాలి, అది మీ చేతి తప్పయినా సరే.

ప్ర: హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ టీమ్ లీడ్‌ని. ఇద్దరు డెవలపర్లు కోడ్ రివ్యూ (ఒకరి కోడ్‌ని ఇంకొకరు చూసి తప్పొప్పులు రాయడం) కామెంట్లలో కొట్టుకుంటున్నారు. ఇద్దర్నీ కూర్చోబెట్టి తేల్చేయనా?

జ: ఇప్పుడే వద్దు. నేరుగా ఎదురెదురుగా కూర్చోబెడితే మీ ముందు గెలవడానికి వాదిస్తారు. ముందు విడివిడిగా అరగంట చొప్పున వినండి, ఇద్దర్నీ అవే ప్రశ్నలు అడగండి: ఏ కామెంట్ దగ్గర మొదలైంది, అవతలివాళ్ల వాదనలో మీకు సబబుగా తోచిందేమిటి, రేపటి నుంచి ఏం మారాలి. రెండో ప్రశ్నకి ఒక్క వాక్యమైనా చెప్పలేకపోతున్నారంటే తగువు కోడ్ దాటి మనిషి మీదకి పోయిందని గుర్తు. పని గురించిన భేదాభిప్రాయం అన్నిసార్లూ చెరుపు చేయదని, వ్యక్తుల మధ్య వైరం మాత్రం టీముని దెబ్బతీస్తుందని 1995లో కారెన్ జెన్ అనే పరిశోధకురాలి అధ్యయనం చూపింది.

ఆ తర్వాతే ముగ్గురూ కూర్చోండి. స్పేసింగ్, పేర్ల పద్ధతి లాంటివి కోడ్ తీరుని తనిఖీ చేసే టూల్ అయిన లింటర్‌కి వదిలేస్తే సగం కామెంట్లు పుట్టవు. ఒకే విషయం మీద రెండు విడతల కామెంట్లు దాటితే కాల్ మాట్లాడుకుని, నిర్ణయాన్ని ఆ థ్రెడ్‌లోనే రాయాలన్న నియమం పెట్టండి. డిజైన్ మీద తేలకపోతే నిర్ణయం మీరే తీసుకుని కారణం రాయండి. ఇద్దర్నీ సంతోషపెట్టాలని చెరి సగం కలిపిన డిజైన్ ఇద్దరిదీ కాకుండా పోతుంది, రేపు బగ్ వస్తే దిక్కుండదు.

ప్ర: బట్టల షాపులో పనిచేస్తాను. సూపర్‌వైజర్ నా శరీరం గురించి వెకిలిగా మాట్లాడతాడు. 'గొడవెందుకు, మాట్లాడి రాజీపడు' అంటున్నారు తోటివాళ్లు.

జ: ఇది ఇద్దరి మధ్య తగువు కాదమ్మా, లైంగిక వేధింపు. పైన చెప్పిన సంభాషణ పద్ధతులేవీ దీనికి వాడకండి. అతన్ని ఒంటరిగా కలిసి నచ్చజెప్పాల్సిన పనీ లేదు. పని చోట మహిళలపై లైంగిక వేధింపులను అరికట్టే 2013 చట్టం ప్రకారం పదిమంది, అంతకు మించి పనిచేసే చోట అంతర్గత కమిటీ ఉండాలి. దానికి సీనియర్ మహిళే అధ్యక్షురాలు, సభ్యుల్లో సగానికి తగ్గకుండా మహిళలుంటారు. చివరి సంఘటన జరిగిన 3 నెలల్లోపు లిఖితపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి. తగిన కారణం ఉంటే కమిటీ మరో 3 నెలల వరకు గడువు పెంచొచ్చు. ఫిర్యాదు 6 కాపీలు, ఉన్న ఆధారాలు, సాక్షుల పేర్లు జతచేయండి. తేదీలు, అన్న మాటలు ఉన్నవున్నట్టు రాయండి. విచారణ 90 రోజుల్లో ముగించాలి. ఈలోగా మిమ్మల్ని గానీ అతన్ని గానీ వేరే చోటికి మార్చమని, లేదా సెలవు ఇప్పించమని మీరు కమిటీకి రాసివ్వొచ్చు. రాజీ ప్రయత్నం మీరు కోరితేనే జరుగుతుంది, అదీ డబ్బు ప్రాతిపదికన కుదరదు. మీ షాపులో పదిమంది కంటే తక్కువుంటే, లేదా ఫిర్యాదు యజమాని మీదే అయితే, జిల్లా స్థాయిలోని స్థానిక కమిటీకి ఇవ్వండి.