మా అమ్మలుకి, అనంతపురం బయల్దేరే ముందు

అమ్మలూ,

నిన్న సాయంత్రం మీ అమ్మ ఫోన్ చేసింది, ఏడుస్తోందో నవ్వుతోందో ఒక నిమిషం అర్థం కాలేదు, తీరా చూస్తే రెండూనంట. ఎస్సై లిస్టులో నీ నంబరుందని, ట్రైనింగ్‌కి అనంతపురం వెళ్తున్నావని చెప్పింది. మీ అత్తయ్య అప్పటికప్పుడు పక్కింటోళ్లకి పంచదార పంచేసింది, ఇంట్లో స్వీటు లేదు మరి, నాకు షుగరని కొనడం మానేసింది. నేను మాత్రం పెరట్లోకెళ్లి కొబ్బరిచెట్టు కింద కాసేపు కూర్చున్నా. ముప్పై మూడేళ్లు ఆ బట్టలేసుకున్నోణ్ణి, సంతోషం ఉంది, కడుపులో ఏదో తిప్పినట్టు కూడా ఉంది.

ఫోన్ పెట్టేముందు మీ అమ్మ ఇంకో మాటంది, "అది సీరియల్ కిల్లర్లని పట్టుకుంటాదంట అన్నయ్యా, రాత్రంతా ఫోన్‌లో అవే చూస్తది" అని. అదిగో అందుకే ఈ ఉత్తరం. కళ్లజోడు పెట్టుకుని ఒక్క వేలుతో టైప్ చేస్తున్నా, తప్పులుంటే సర్దుకో.

సీరియల్ కిల్లర్ అని చొక్కా మీద రాసుకుని ఎవడూ స్టేషన్‌కి రాడే పిల్లా. నీ దగ్గరికి మొదట వచ్చేది ఒక శవం, దాని పక్కన "గుండెపోటండీ, మధ్యాహ్నానికల్లా తీసేద్దామండీ" అనే పది మంది. అంతే. ఆ ఒక్క శవం దగ్గర నువ్వేం చేశావన్నదాని మీదే తర్వాతదంతా నడుస్తది.

మామూలు సంగతులు గబగబా చెప్పేస్తా. జనాన్ని బయటికి పంపు, తాడు కట్టించు, క్లూస్ టీమ్ వచ్చేదాకా నువ్వు కూడా ఏదీ ముట్టుకోకు. రక్తం అంటిన బట్టలు నీడలో ఆరబెట్టి కాగితం కవర్లో పెట్టాలి, ప్లాస్టిక్ కవర్లో పెడితే చెమ్మకి కుళ్లి డీఎన్‌ఏ పాడవుద్ది. విసెరా సీసాలు, అంటే శవం లోపలి అవయవాల ముక్కలు పెట్టిన సీసాలు, ఎఫ్‌ఎస్‌ఎల్ ల్యాబ్‌కి ఆ వారంలోనే పంపు, స్టేషన్ బీరువాలో నెలలు మగ్గబెట్టిన మహానుభావులు నాకు తెలుసు. మా రోజుల్లో సీఆర్‌పీసీ 174 సెక్షన్ కింద శవ పంచనామా అనేవాళ్లం, 2024 జూలై నుంచి కొత్త చట్టం బీఎన్‌ఎస్‌ఎస్‌లో అది 194 అయింది, ఏడేళ్లు ఆపైన శిక్ష పడే నేరమైతే ఫోరెన్సిక్ వాళ్లు సీన్‌కి రావాలని కూడా అందులో పెట్టారు. ఇవన్నీ అక్కడ నేర్పుతారు, పరీక్ష పెడతారు, నువ్వు ఫస్టొస్తావు కూడా.

నేర్పనిది ఒకటుంది. ఇది మీ అత్తయ్యకి తప్ప ఎవరికీ చెప్పలేదు.

1991, సంక్రాంతి వెళ్లిన నెల. నేను ఎస్సై అయి మూడేళ్లు దాటింది. గోదావరి లంకల్లో ఒక ఊరు, పేరు రాయనులే. అరవై దాటిన ఆవిడ, భర్త పోయాడు, ఒక్కతే ఉంటది. పొద్దున్న పాలవాడు పిలిస్తే పలకలేదు. ఆర్‌ఎంపీ వచ్చి చెయ్యి పట్టుకుని చూసి గుండాగిపోయిందన్నాడు. చెవులకి దుద్దులు లేవేంటని ఎవరో అన్నారు కాబట్టి మాకు కబురొచ్చింది, లేకపోతే అదీ లేదు. పక్కింటావిడ నాతో చెప్పింది, రాత్రి తనలో తనే ఏదో మాట్లాడుకుంటుంటే వచ్చి చూశానండి, చీర కుచ్చిళ్లు పీక్కుంటూ గాల్లోంచి ఏవో ఏరుకుంటున్నట్టు వేళ్లాడిస్తోంది, నన్ను ఎప్పుడో పోయిన వాళ్లక్క పేరుపెట్టి పిలిచింది, వయసు మీదపడింది కదా చాదస్తం అనుకుని పడుకోమని చెప్పి వెళ్లిపోయానండి అని. విన్నాను. వంటింట్లోకెళ్లా. గట్టు మీద రెండు స్టీలు గ్లాసులు కడిగి బోర్లించి ఉన్నాయి. ఒంటరి మనిషి ఇంట్లో, రాత్రిపూట, రెండు గ్లాసులు. చూశా అమ్మలూ, నా రెండు కళ్లతో చూశా. పంచనామాలో రాయలేదు.

మధ్యాహ్నానికి కూతురు ఖమ్మం నుంచి దిగింది. దిగుతూనే నా కాళ్ల మీద పడిపోయి "మా అమ్మని కొయ్యొద్దు బాబూ, ఇన్నాళ్లూ ఎవరి చేతా మాట పడకుండా బతికింది" అని ఒకటే ఏడుపు. పోస్ట్‌మార్టమ్ చేయించాలంటే రేవు దాటి ముప్పై కిలోమీటర్లు పోవాలి, జీపు లేదు, ఆ రాత్రికి నాకు తిరునాళ్ల బందోబస్తు ఉంది. కూతురి మొహం చూసి ఎస్సైగారు కరిగిపోయారని ఊరంతా అనుకున్నారు, చాలా ఏళ్లు నేనూ అలాగే అనుకున్నా. నిజం చెప్పనా, జాలి సగం, బద్ధకం సగం. దుద్దులు తాకట్టు పెట్టి ఉంటది అని ఎవడో అన్నాడు, అదే రాసేసుకున్నా. పొద్దుగుంకకముందే కాల్చేశారు.

పద్నాలుగు నెలలకి పక్క మండలంలో ఇంకో ఒంటరావిడ. అక్కడి ఎస్సై నాకంటే జూనియర్, వట్టి మొండోడు, చుట్టాలు శాపనార్థాలు పెట్టినా శవాన్ని ఆస్పత్రికి పంపించాడు. కడుపులో ఉన్నదాంట్లో గింజల ముక్కలు దొరికాయి. మిరపగింజలేమో అనుకున్నారంట, ల్యాబ్‌లో ఉమ్మెత్త అని తేలింది. పైకి చూస్తే రెండూ ఒకలాగే ఉంటాయే, మిరపగింజ పసుపుపచ్చగా ఉండి కొరికితే మండుద్ది, ఉమ్మెత్త గింజ గోధుమరంగులో ఉంటది, చేదు. కొరికి చూడమని కాదు నా తల్లీ, చూసేవు! ఉమ్మెత్త పడ్డ మనిషి గాల్లోంచి ఏరుకుంటాడు, కట్టుకున్న బట్ట పీక్కుంటాడు, మనుషుల్ని గుర్తుపట్టడు. ఆ ముక్క నేను ట్రైనింగ్‌లో బట్టీపట్టి పరీక్షలో రాశా. ఎదురుగా నిలబడి ఒకావిడ అదే చెప్తుంటే నాకు వెలగలేదు.

చంపినోడు పాతబట్టలకి స్టీలు సామాను మార్చేవాడు, ఊరూరూ తిరుగుతాడు, అమ్మా అక్కా అంటూ అరుగెక్కి కాఫీ తాగుతాడు. పట్టుకున్నాక మా ఊరావిడ దుద్దులు తాకట్టు కొట్లో దొరికాయి. కానీ మా ఊరి కేసు నిలబడలేదు. ఏముందని నిలబడుద్ది, బూడిద తప్ప? రెండో ఆవిడ కేసులోనే వాడికి శిక్ష పడింది. దుద్దులు గుర్తుపట్టడానికి కోర్టుకొచ్చిన ఆ ఖమ్మం కూతురు మెట్ల మీద నన్ను ఆపి ఒకటే అడిగింది. "ఆ రోజు నా మాట ఎందుకు విన్నారండీ?"

రెండో ఆవిడకి నలుగురు మనవలు. సరే, వదిలెయ్.

అందుకే 2019లో ఏలూరు సైనైడ్ కేసు పేపర్లో చదివినప్పుడు నాకు రెండు రోజులు అన్నం సయించలేదు. గుప్తనిధులు, రైస్ పుల్లింగ్ (బియ్యాన్ని లాగే మహిమగల నాణెం అంటారే, అది) అని ఆశపెట్టి ఒకడు ప్రసాదంలో సైనైడ్ పెట్టాడని పోలీసులు చెప్పారు, ఇరవై నెలల్లో మూడు జిల్లాల్లో పది మంది. చాలా ఇళ్లలో మామూలు చావే అనుకుని కర్మకాండలు కూడా చేసేసుకున్నారు. చివరికి అక్టోబర్‌లో ఒక పీఈటీ మాస్టారు పోయినప్పుడు ఇంటోళ్లు డబ్బూ బంగారం ఏవని అడిగారు, ఫోన్ కాల్స్ లాగితే ఒక నంబరు తగిలింది, ఆ నంబరు పట్టుకుని వెనక్కెళ్తే మిగతా చావులన్నీ వరసగా బయటపడ్డాయి. సైనైడ్ ఎక్కడిదంటే నికెల్ పూత పూసే పని చేసేవాడి దగ్గర్నుంచి. ఫోరెన్సిక్ అంటే మైక్రోస్కోప్ ఒకటే కాదు, "మా ఆయన సంచిలో డబ్బేదండీ" అని అడిగిన ఇంటావిడ మాట రాసుకోవడం కూడా అందులోదే.

సరిగ్గా ఆ నెలల్లోనే కేరళలో కూడత్తాయి కేసు. 2002 నుంచి 2016 దాకా ఒకే కుటుంబం చుట్టూ ఆరుగురు పోయారు, ఆరింటిలో ఒక్కదానికే పోస్ట్‌మార్టమ్ జరిగింది, అదీ మేనమామ పట్టుబట్టడం వల్ల (మేనమామలంటే మాటలనుకున్నావా). అందులో సైనైడ్ తేలినా ఆత్మహత్య అని మూసేశారు. ఏళ్ల తర్వాత అమెరికాలో ఉన్న ఆ పోయినాయన తమ్ముడు ఆ రిపోర్టు తెప్పించుకుని చదివితే, ఏమీ తినకముందే పడిపోయాడన్న మనిషి కడుపులో అరగని అన్నం, శనగలు ఉన్నాయని రాసుంది. ఆ శనగలే కేసుని లేపి కూర్చోబెట్టాయి. సమాధులు తవ్వి నలుగురి అవశేషాలు మన హైదరాబాద్ ల్యాబ్‌కి పంపితే 2023లో సైనైడ్ ఆనవాళ్లు లేవని వచ్చింది. ఎలా ఉంటాయే, అన్నేళ్లు మట్టిలో ఉన్నాక? నేరం తేల్చాల్సింది కోర్టు, నేను చెప్పేది సమయం గురించి. విషం నీకోసం ఆగదు.

గొర్రెకుంట గుర్తుందా, 2020 మే, లాక్‌డౌన్. వరంగల్ పక్కన బావిలో తొమ్మిది శవాలు. ముందు సామూహిక ఆత్మహత్యేమో అన్నారు. సీసీ కెమెరాల్లో చంపినోడి రాకపోకలు, నిద్రమాత్రలు కొన్న మందుల షాపు, అన్నీ అతికితే వారం తిరక్కుండా దొరికాడు, అక్టోబర్‌లో వరంగల్ కోర్టు ఉరిశిక్ష వేసింది. కానీ అసలు సంగతి ఏంటంటే ఆ తొమ్మిది మందినీ చంపింది మార్చిలో చేసిన పదో హత్యని దాచడానికి. అప్పుడు ఒకావిడకి మజ్జిగలో నిద్రమాత్రలు కలిపిచ్చి రైల్లోంచి తోసేశాడు, మన నిడదవోలు వైపు. శవం ఒక రాష్ట్రంలో, అడిగే చుట్టాలు ఇంకో రాష్ట్రంలో. పట్టాల పక్కన పేరు తెలీని శవం దొరికితే రైల్వే వాళ్లదిలే అని తిరగొద్దు నువ్వు.

ఆడపిల్ల కనపడట్లేదని ఎవరొచ్చినా "ఎవడితోనో వెళ్లిపోయుంటదిలే" అన్నమాట నీ నోట రాకూడదు, వస్తే చెంప పగలగొడతా, ఎస్సైవైనా సరే. తెలంగాణ హాజీపూర్‌లో 2019లో కనపడకుండా పోయిన ఒక పిల్ల స్కూల్ బ్యాగు బావిలో కనిపించి, దాని కోసం దిగితేనే కదా ఆ పిల్ల శవం దొరికింది, అదే బావిలో ఇంకో పిల్ల, 2015లో కనపడకుండా పోయిన చిన్నపిల్ల ఇంకో బావిలో. నాలుగేళ్లు!

ఇంకోటి, కొట్టకు. నేను కొట్టా, చెప్పుకోడానికి సిగ్గుగా ఉంది, వచ్చిన సమాచారం కంటే పాడైన కేసులే ఎక్కువ. పోలీసు ముందు ఒప్పుకున్నది కోర్టులో ఎలాగూ చెల్లదు. ఇంగ్లండ్‌లో 1983, 86లో ఇద్దరు అమ్మాయిల్ని చంపిన పిచ్‌ఫోర్క్ అనేవాడి కేసు చదువు, ఒక పదిహేడేళ్ల కుర్రాడు ఒక హత్య నేనే చేశానని ఒప్పేసుకున్నాడు, డీఎన్‌ఏ చూస్తే వాడు కాదు. హత్య కేసులో డీఎన్‌ఏ మొదట చేసిన పని ఒక కుర్రాణ్ణి బయటపడేయడం. తర్వాత ఐదువేల మంది దాకా మగాళ్ల రక్తాలు తీస్తే అసలోడు స్నేహితుణ్ణి తన పేరుతో పంపి తప్పించుకున్నాడు, ఆ స్నేహితుడు తాగుడు దగ్గర వాగితే దొరికిపోయాడు. అంత సైన్సూ అయ్యాక చివరికి పట్టించింది ఒక సారా కబురు, మన ఊళ్లో లాగే.

ఇక తిండి. ఎంక్వైరీకెళ్లిన ఇంట్లో కాఫీ తాగకు. మర్యాద తక్కువనుకుంటారు, అనుకోనీ. 92 నుంచి నేను పరాయి ఇంట్లో గ్లాసు ముట్టలేదు, మీ అత్తయ్య నవ్వుద్ది, ఎదురుగా మాత్రం నవ్వదు. నా ఫ్లాస్కు ఉంది, మూత కాస్త సొట్ట, వేడి మాత్రం సాయంత్రం దాకా ఆగుద్ది, అది నీకే. దాంతోపాటు నా భూతద్దం, టార్చిలైటు, ఒక కట్ట ఖాకీ కాగితం కవర్లు పెడుతున్నా, అవి అక్కడ ఇస్తారని నాకూ తెలుసు, ఊరుకో.

నిద్ర పట్టకపోతే ఫోన్ చెయ్యి, ఎంత రాత్రైనా. ఎడం చెవి వినపడట్లేదు కాబట్టి రింగు అయిపోయినా మళ్లీ చెయ్యి, రెండోసారికి మీ అత్తయ్య లేపుద్ది. నీ షూ సైజు మెసేజ్ పెట్టు, పరేడ్‌కి మందం సాక్సులు కావాలని ఆవిడ ఇందాకట్నుంచి నా ప్రాణం తీస్తోంది, ఆదివారం బజారుకెళ్తున్నాం.

మీ మామయ్య