ఉన్న గెలుపును వదిలేశావు

అమ్మాయీ,

అమెరికాలోని క్లీవ్‌ల్యాండ్ బేస్‌బాల్ జట్టు మీద నువ్వు రాసిన కథ మూడుసార్లు చదివాను. మొదటిసారి చివరి పేజీ దగ్గర కోపం వచ్చి కాగితాలు పక్కన పడేశాను. రెండోసారీ అంతే. మూడోసారి చదివాక ఈ ఉత్తరం మొదలుపెట్టాను.

టికెట్లమ్మే మనిషి పొద్దుపోక ఉన్న చిల్లరనే మళ్లీ మళ్లీ దొంతులు పేర్చుకోవడం బాగా రాశావు. ఇక చివరి పేజీ సంగతి.

1899 అక్టోబరు 15, సిన్సినాటి. క్లీవ్‌ల్యాండ్ స్పైడర్స్ ఆడిన ఆఖరి ఆట. బంతి విసరడానికి హోటల్లో సిగార్లమ్మే 19 ఏళ్ల కుర్రాడు ఎడ్డీ కోల్బ్‌ను దింపారు. ఇంతవరకూ నిజం. నీ కథలో వాడు ఆట గెలిపిస్తాడు, జనం భుజాలకెత్తుకుంటారు, ముసలి ఆటగాడొకడు కళ్లు తుడుచుకుంటాడు. ఆ ఆట 19-3 పరుగులతో ఓడిపోయారమ్మా. అది నీకూ తెలుసు. పాఠకుడికి కాస్త ఊరట ఉండాలని మార్చానని నువ్వే రాశావు.

ఒకసారి ఆగస్టు చివర్నుంచి లెక్కపెట్టు. వరుసగా 24 ఓటములు. సెప్టెంబరు మూడో వారంలో వాషింగ్టన్ మీద ఒక గెలుపు. మళ్లీ వరుసగా 16 ఓటములు, దాంతో సీజన్ సరి. చివరి 41 ఆటల్లో దక్కింది ఆ ఒక్కటే. నీ కథంతా వెతికాను, అది లేదు. ఉన్న గెలుపును వదిలేసి లేని గెలుపును తెచ్చిపెట్టావు. 24 ఆటలు ఓడాక గెలిచిన ఆ సాయంత్రం వాళ్లు బూట్లు విప్పుకుంటూ ఏం మాట్లాడుకుని ఉంటారు? కథ అక్కడుంది.

ఇంకో మాట. పాఠకుల్ని నవ్వించడానికి జో క్విన్‌ను వాడుకున్నావు. ఆస్ట్రేలియాలో పుట్టి అమెరికా వచ్చిన మనిషి. సెయింట్ లూయిస్‌లో అంత్యక్రియలు జరిపించే వ్యాపారం ఉంది కాబట్టి జట్టుకి శవపేటిక కొలతలు తీస్తున్నాడని రాశావు. అంతకుముందు జట్టును నడిపిన లేవ్ క్రాస్ 38 ఆటల్లో 8 గెలిచాడు. ఆయన్నీ యజమానులు సెయింట్ లూయిస్‌లోని తమ ఇంకో జట్టుకి పట్టుకుపోయారు. అప్పుడు పగ్గాలు క్విన్ చేతికొచ్చాయి. తాను మైదానంలో ఆడుతూనే 116 ఆటలు నడిపాడు, 12 గెలిచాడు. అలాంటి మనిషి మీద నవ్వొచ్చిందా నీకు? బంతి విసిరే జిమ్ హ్యూయీ ఆ ఏడు 30 ఆటలు ఓడాడు, 4 గెలిచాడు. ముప్ఫయ్యో ఓటమి రావాలంటే ముప్ఫయ్యోసారి బంతి చేతిలోకి తీసుకోవాలి కదా.

అసలు ఈ జట్టు ఇంత చెడిపోవడానికి కారణాన్ని మూడో పేజీలో ఒక్క వాక్యంతో దాటేశావు. నా గొడవంతా అక్కడే. జట్టు యజమానులు ఫ్రాంక్, స్టాన్లీ రాబిసన్ అన్నదమ్ములు. ఊళ్లో ట్రాములు నడిపేవాడు ఫ్రాంక్. ఆదివారం ఆటలు ఆడనివ్వరు, మిగతా రోజుల్లో జనం చాలినంతగా రారు అని క్లీవ్‌ల్యాండ్ మీద వాళ్లకి గుర్రు. సెయింట్ లూయిస్ జట్టునూ కొన్నారు. రెండు జట్లు ఒకే చేతిలో ఉండటం అప్పట్లో తప్పు కాదు. సై యంగ్, జెస్సీ బర్కెట్, బాబీ వాలెస్ లాంటి మంచి ఆటగాళ్లందరినీ అక్కడికి మార్చి, మిగిలినవాళ్లని ఇక్కడ వదిలేశారు. ఈ జట్లన్నీ ఆడే లీగ్‌లో మొదటి రెండు స్థానాల జట్లు తలపడే టెంపుల్ కప్‌ను 1895లో గెలిచిన జట్టది! 1899లో సొంత ఊళ్లో ఆడిన 42 ఆటలకీ కలిపి వచ్చిన జనం 6,088. బయటి జట్టుకి టికెట్ల డబ్బులో వాటా ఇవ్వాలి. ఆ వాటా హోటల్ ఖర్చుకైనా రాదని మిగతావాళ్లు క్లీవ్‌ల్యాండ్ రావడం మానేశారు. అందుకే 112 ఆటలు పరాయి ఊళ్లలో ఆడాల్సొచ్చింది. వాటిలో 101 ఓడారు. మొత్తం 20 గెలుపులు, 134 ఓటములు. నీ కథలో కోల్బ్ గెలిచాడంటే ఆ అన్నదమ్ములు చేసిన పని చెరిగిపోయినట్టే. పాఠకుడు చప్పట్లు కొట్టి పడుకుంటాడు.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, ఈ తప్పు నేను చేశాను.

చదువు మానేసిన ఏడాది ఒక పద్యనాటకాల సమాజంలో తెర లాగే పనికి కుదిరాను. మా కాంట్రాక్టరుకి రెండు బృందాలు. కోతలయ్యాక మా కృష్ణుణ్ణీ అర్జునుణ్ణీ హార్మోనిస్టునూ పట్నంలో ఆడే బృందానికి మార్చేశాడు. మాకు మిగిలింది ఒక ముసలి దుర్యోధనుడు, నలుగురు కుర్రాళ్లు. రోజూ తెర చిరుగులోంచి జనాన్ని లెక్కపెట్టి ఆయనకి చెప్పడం నా పని. ఒక రాత్రి పదకొండు మంది అన్నాను. ఆయన అద్దం చిన్నది. దాన్ని మోకాళ్ల మధ్య పెట్టుకుని, ఎడమ మీసం సరిగ్గా అంటలేదని పీకి, గుడ్డతో తుడిచి, మళ్లీ అతికించుకున్నాడు. తర్వాత లేచి కిరీటం అడిగాడు.

అది కథగా రాశాను. ఒక వారపత్రిక సంపాదకుడు తిప్పి పంపాడు. చివర్లో కాంట్రాక్టరు పశ్చాత్తాపపడి ఆయనకి దండ వేసినట్టు మార్చమన్నాడు, కొసమెరుపు ఉండాలన్నాడు. మార్చాను. అచ్చయింది. మనవడు చదివి వినిపిస్తే ఆ ముసలాయన నన్ను పిలిపించి, "వాడు నాకు దండ వేశాడట్రా?" అని అడిగాడు. ఇంకేమీ అనలేదు. నేను అరుగు మీద తల వంచుకుని కూర్చున్నాను. ఆ కథను ఏ సంపుటిలోనూ చేర్చలేదు.

కొసమెరుపు పేరుతో సంపాదకులు మన కథల్ని ఎన్నిటిని చంపారో! ఇప్పుడు స్ఫూర్తి అంటున్నారు. చివర్లో దీపం వెలగకపోతే అచ్చెయ్యరు. వాళ్ల కోసం రాయకు.

ఉత్తమ పురుషలో రాయాలా, పోటీకి పంపాలా అని అడిగావు. ముందు ఈ పని చెయ్యి. చివరి పేజీ చింపెయ్. రాబిసన్‌లు జట్టును విడదీసిన రోజుతో మొదలుపెట్టు. వాషింగ్టన్‌లో గెలిచిన రాత్రికి నాలుగు పేజీలైనా ఇవ్వు. ఆ చలికాలమే లీగ్ పన్నెండు జట్లను ఎనిమిదికి కుదించి క్లీవ్‌ల్యాండ్‌ను తీసేసింది, అదీ ఉండాలి. నువ్వు ఫోటో పంపిన లీగ్ పార్క్, అంటే వాళ్ల సొంత మైదానం, టికెట్ ఆఫీసు తర్వాత కట్టింది, దాన్ని 1899లో పెట్టకు. కానీ స్థలం అదే, లెక్సింగ్టన్ వీధి మూల. ఆట లేని ఒక మధ్యాహ్నం అక్కడికి వెళ్లి రెండు గంటలు కూర్చో. 145 మంది, ఆటకి సగటున వచ్చిందే అంత, ఆ బెంచీల మీద ఎలా సర్దుకుని ఉంటారో, అందరూ ఒకచోట చేరేవాళ్లో ఎవరికి వారు దూరంగా కూర్చునేవాళ్లో చూసుకో. సంక్రాంతి లోపు పంపితే పండక్కి ఇంట్లోనే ఉంటాను, చదువుతాను.

ఆశీస్సులతో.