గుండె చదువు డాక్టర్లదేనా?

ప్రశ్న: మాది ఆదోని. పోయినేడు మా నాయనకు గుండెపోటు వస్తే స్టెంట్ వేశారు. అప్పట్నుంచి, బీఎస్సీ మైక్రోబయాలజీ రెండో ఏడాదిలో ఉన్న మా పాప "గుండె జబ్బులో తెల్లరక్తకణాల మీద రీసెర్చ్ చేస్తా" అంటోంది. గుండె చదువంటే ఎంబీబీఎస్ కదా? నీట్ రాకనే ఇందులో చేరింది. ఈ దారిలో బతుకు ఉందా సార్?

జవాబు: స్టెంట్ వేసేది డాక్టరేనండి. ఆ రక్తనాళం ఎందుకు పూడిందో వెతికేవాళ్లలో మీ పాపలాంటి వాళ్లు చాలామంది ఉంటారు. బోరు పైపులో సున్నం పట్టినట్టు నాళంలో కొవ్వు పేరుకుంటుందని అనుకుంటాం. కథ అంత తేలిక కాదు. చెడు కొలెస్ట్రాల్ నాళం గోడలోకి దూరుతుంది. దాన్ని తినడానికి మోనోసైట్ అనే తెల్లకణం వెంటపడి లోపలికి పోయి మాక్రోఫేజ్‌గా మారుతుంది. తిని తిని నురగలా ఉబ్బి అక్కడే చస్తుంది. వాపు ఆరదు. ఏదో ఒకరోజు పైపొర చిట్లి రక్తం గడ్డకడితే గుండెపోటు.

2017లో ఫలితాలు వెలువడిన క్యాంటోస్ అనే మందు పరీక్షలో (ట్రయల్), అంతకుముందే గుండెపోటు వచ్చిన పదివేల మందికి పైగా పాల్గొన్నారు. కొలెస్ట్రాల్ జోలికి పోకుండా వాపును మాత్రమే తగ్గించే ఇంజెక్షన్‌తో మళ్లీ గుండెపోటు, పక్షవాతం లాంటివి సుమారు 15 శాతం తగ్గాయి. అయితే ప్రాణం తీసే ఇన్ఫెక్షన్లు కాస్త పెరిగాయి. ఒంటికి కాపలా కాసేవీ ఆ కణాలే మరి! కాపలా చెడకుండా వాపు తగ్గించడం ఎలా అన్నది ఇంకా తెగని పని. మీ పాపకు చోటు అక్కడుంది.

దారి మాత్రం పొడుగు. సీయూఈటీ పీజీ రాసి సెంట్రల్ యూనివర్సిటీలోనో, ఏపీ పీజీసెట్‌తో కడప యోగి వేమనలోనో ఎమ్మెస్సీ చేయాలి. తర్వాత సీఎస్ఐఆర్ నెట్ పరీక్షలో జేఆర్ఎఫ్ (పీహెచ్‌డీ చేసేవాళ్లకిచ్చే ఫెలోషిప్) వస్తే నెలకు 37,000, ఇంటి అద్దె భత్యం అదనం. పీహెచ్‌డీ ముగిసేసరికి ముప్పై దగ్గర పడుతుంది. ఎమ్మెస్సీతో ఆగితే ల్యాబ్ ఉద్యోగాల్లో జీతం తక్కువే, దాచడమెందుకు. అన్నేళ్లు ఇంట్లో ఆగగలరా? అది ముందే కూర్చుని మాట్లాడుకోండి.

ఈ నెల్లోనే ఒక పరీక్ష పెట్టండి. కాలేజీ ల్యాబ్‌లో లీష్‌మన్ రంగు వేసిన రక్తం స్లైడ్ అడిగి, మోనోసైట్లు వెతకమనండి. మిగతా వాటికంటే పెద్దది, మధ్యలో చిక్కుడుగింజలా వంగిన కేంద్రకం. వంద తెల్లకణాలు లెక్కపెడితే రెండు నుంచి ఎనిమిది దొరుకుతాయి. మెడ పట్టేస్తుంది, కళ్లు లాగుతాయి. నాలుగో స్లైడ్ కూడా తనే అడిగితే ఇక మీరు అడ్డు చెప్పొద్దు.

ఇంకోమాట. ఇది చదివి పెద్దాయన కొలెస్ట్రాల్ మాత్ర మాన్పించేరు! గోడలోకి దూరేది ఆ కొవ్వే.